కోఠి గుజరాతీ గల్లీలో పాత టీవీ గేములు బాగుచేసే పెద్దాయన షాపు, మా 1996 నాటి సెట్ మళ్ళీ ఆడింది

రేటింగ్ ముందే చెప్పేస్తా, పనికి 5కి 5, మాట తీరుకి 5కి 5, టైముకి మాత్రం 5కి 3. చదివే ఓపిక లేనివాళ్ళు ఇక్కడితో ఆపేసి అటక మీదున్న పాత వీడియో గేమ్ సంచిలో వేసుకుని బయల్దేరిపోవచ్చు. ఓపిక ఉన్నవాళ్ళకి మొత్తం రాస్తున్నా, ఎందుకంటే నేను వెళ్ళేముందు ఇలాంటిది తెలుగులో ఎవరైనా రాశారేమో అని రెండు రోజులు వెతికా, నాకైతే దొరకలేదు.

షాపు కోఠిలో గుజరాతీ గల్లీ లోపల, సుల్తాన్ బజార్ మెట్రోలో దిగి నడిచి వెళ్ళిపోవచ్చు, బండి మాత్రం తీసుకెళ్ళకండి, పెట్టుకోడానికి జాగా ఉండదు. షాపు పేరు, ఫోన్ నంబరు పెట్టొద్దని ఆయనే అన్నారు, ఉన్న పనే అవట్లేదట. గల్లీలో పార్టులు అమ్మే ఎవర్ని అడిగినా "పాత టీవీ గేములు చేసే పెద్దాయన" అంటే చూపిస్తారు. ఆరడుగుల వెడల్పు కూడా లేదు, ఒక బల్ల, ఒక చిన్న పాత పిక్చర్ ట్యూబ్ టీవీ, ఒక ఎల్ఈడీ టీవీ, గోడంతా చిన్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలు, వాటి మీద చేత్తో రాసిన నంబర్లు.

ముందు మా సెట్ సంగతి చెప్పాలి. మేం అప్పుడు గూడూరులో ఉండేవాళ్ళం, 1996 వేసవి సెలవుల్లో మా బాబాయ్ మద్రాసు బర్మా బజార్ నుంచి తెచ్చాడు. తెల్ల డబ్బా, రెండు కంట్రోలర్లు, ఒక తుపాకీ, ఒక పసుపు రంగు కేసెట్. దాని మీద వేలల్లో గేములున్నట్టు రాసుంటుంది కానీ తిప్పి తిప్పి అవే పదిపదిహేను వస్తుంటాయి, మారియో, కాంట్రా, రోడ్ ఫైటర్, ట్యాంకులది, బాతులది. ఆ వేసవంతా మా ఇంటి ముందు చెప్పుల కుప్ప చూసి ఏదో ఫంక్షన్ అనుకున్నవాళ్ళున్నారు. నాన్న రాత్రి వార్తల టైముకి వచ్చి ప్లగ్ పీకేసేదాకా ఆడేవాళ్ళం.

అసలు ఇదేంటో చాలామందికి తెలీదు, నాకూ ఈ మధ్యనే పూర్తిగా తెలిసింది. నింటెండో కంపెనీ 1983 జులైలో జపాన్‌లో వదిలిన ఫామికామ్ అనే మెషీన్‌కి ఇది కాపీ, 90ల్లో మన ఇళ్ళల్లోకి ఎక్కువగా వచ్చింది ఈ కాపీలే. అమెరికాలో అదే మెషీన్‌ని ఎన్ఈఎస్ అని వేరే ఆకారంలో అమ్మారు, దాని కేసెట్‌కి 72 పిన్నులు, మన దానికి 60, అందుకే అమెరికా నుంచి ఎవరైనా ఒరిజినల్ కేసెట్ తెచ్చిచ్చినా మన డబ్బాలో దూరదు. ఇంకోటి, మన టీవీలు పాల్ సిస్టమ్ (మన దగ్గర వాడే టీవీ సిగ్నల్ పద్ధతి) కాబట్టి మనకొచ్చిన సెట్లు సెకనుకి 50 ఫ్రేములు వేస్తాయి, జపాన్‌లో అయితే 60. అంటే మనం చిన్నప్పుడు ఆడిన మారియో జపాన్ పిల్లలు ఆడినదానికంటే కొంచెం నిదానం అన్నమాట. ఇది విన్నప్పుడు నాకు చాలాసేపు ఏదోలా అనిపించింది, నా చెవిలో ఉన్న ఆ మ్యూజిక్ స్పీడే నాకు అసలుది, వేరే స్పీడులో వింటే ఇప్పటికీ వేరే పాటలా ఉంటుంది.

సరే, పోయిన సంక్రాంతికి ఊరెళ్తే అమ్మ అటక సర్దుతూ కిందకి దించింది. ఆత్రం ఆపుకోలేక అక్కడే ఒక టీవీ రిపేరు చేసే ఆయన దగ్గరికి పట్టుకెళ్ళా, ఆయన డబ్బా ఇటూ అటూ చూసి పక్కనే ఉన్న వైఫై రూటర్ అడాప్టర్ గుచ్చేశాడు. పిన్ను సరిగ్గా పట్టింది కాబట్టి సరిపోతుందనుకున్నాడు. ఒక్క సెకను ఎర్ర లైటు కూడా వెలగలేదు, చిన్న టప్ మని శబ్దం, కాలిన వాసన. "పాతది కదండీ, పోయింది" అని చేతిలో పెట్టేశాడు. ఆ రోజు నా మనసు ఎంత పాడైందో చెప్పలేను, ఇన్నేళ్ళు అటక మీద చెక్కుచెదరకుండా ఉన్నదాన్ని కిందకి దించి ఒక్క నిమిషంలో పోగొట్టుకున్నట్టయింది.

హైదరాబాద్ వచ్చాక ఆఫీసులో ఒకాయన ఈ గల్లీ సంగతి చెప్పాడు. ఒక శనివారం పొద్దున వెళ్ళా. పెద్దాయన డబ్బా చేతిలోకి తీసుకుని మొదట అడిగింది ఒకటే.

"అడాప్టర్ తెచ్చినవా తమ్మీ?"

తేలేదన్నా.

"అడాప్టర్ లేకుంటె నేనేం జూడాలె, సగం బీమారి అడాప్టర్‌లనే ఉంటది. కేసెట్, రిమోట్లు, అన్నీ తేవాలె. సరే, ఇంతకుముందు ఎవరన్న ఇప్పిన్రా దీన్ని?"

రూటర్ అడాప్టర్ సంగతి చెప్పా. ఆయన ఏమీ అనలేదు, డబ్బా తిప్పి పవర్ పిన్ను పక్కన ఉన్న బొమ్మ చూపించారు, చిన్న గుండ్రం, మధ్యలో చుక్క, రెండు వైపులా ప్లస్ మైనస్. మా సెట్‌కి మధ్యలో మైనస్, బయట ప్లస్. ఒరిజినల్ ఫామికామ్‌కీ అంతే. ఈ కాలం రూటర్లు, సెట్‌టాప్ బాక్సుల అడాప్టర్లు దాదాపు అన్నీ మధ్యలో ప్లస్. అంటే కరెంటు తిరగబడి వెళ్ళింది. ఆ బొమ్మ 28 ఏళ్ళుగా అక్కడే ఉంది, నేను ఒక్కసారి కూడా చూడలేదు, ఇది చదివేవాళ్ళు దయచేసి ఇప్పుడే వెళ్ళి మీ సెట్ వెనకాల చూడండి. అన్ని కాపీ సెట్లూ ఒకేలా ఉండవు, కొన్నిటికి మధ్యలో ప్లస్ ఉంటుంది, అందుకే ఎవరో చెప్పారని కాకుండా మీ డబ్బా మీద ఏముందో అదే నమ్మాలి.

నాకు ఈ షాపు నచ్చింది ఎందుకంటే ఆయన సోల్డరింగ్ ఐరన్ ముట్టుకునే ముందు అరగంట కొలతలే తీసుకున్నారు, ప్రతి కొలతా నాకు చూపించి. చాలాచోట్ల మనల్ని బయట కూర్చోబెట్టి లోపల ఏదో చేసి "చిప్పు పోయింది" అంటారు, ఏ చిప్పు, ఎలా తెలిసింది అంటే సమాధానం ఉండదు. ఇక్కడ స్టూల్ వేసి పక్కన కూర్చోబెట్టుకున్నారు.

మూత విప్పగానే పవర్ పిన్ను పక్కన కరెంటుని నిలకడగా ఉంచే గొట్టంలాంటి కెపాసిటర్ పైభాగం ఉబ్బి చిట్లిపోయి ఉంది. దాని పక్కన మూడు కాళ్ళ రెగ్యులేటర్, 7805 అంటారు, వచ్చిన 9 వోల్టుల్ని 5 వోల్టులు చేసి మిగతా చిప్పులన్నిటికీ ఇచ్చేది అదే. మీటర్ పెడితే అది షార్ట్. ముందు ఆ రెండూ తీసేసి, బోర్డుకి 5 వోల్టుల లైన్‌లో ఎక్కడైనా షార్ట్ ఉందా అని చూశారు, లేదు. ఇది మంచి కబురు అన్నారు, రెగ్యులేటర్ తను పోయి వెనకున్న చిప్పుల్ని కాపాడి ఉండొచ్చు అని. కొత్త 7805, కొత్త కెపాసిటర్ వేశారు, పాతది 16 వోల్టులది అయితే 25 వోల్టులది పెట్టారు. వెంటనే పవర్ ఇవ్వలేదు, తన బల్ల మీదున్న పవర్ సప్లై నుంచి మెల్లగా పెంచుతూ ఇచ్చారు, 5 వోల్టులు సరిగ్గా వస్తోంది, సెట్ మొత్తం తీసుకునే కరెంటు 0.35 ఆంపియర్.

అప్పుడు నేనొక డౌట్ అడిగా, ఇంట్లో 12 వోల్టుల అడాప్టర్ ఉంది, ప్లస్ మైనస్ మార్చి వాడొచ్చా అని. ఆయన కాగితం మీద లెక్క వేసి చూపించారు. 9 లోంచి 5 తీసేస్తే 4, దాన్ని 0.35తో గుణిస్తే 1.4 వాట్లు, అంత వేడి ఆ రెగ్యులేటర్ భరించాలి. 12 లోంచి 5 తీస్తే 7, అప్పుడు 2.45 వాట్లు. లోపల ఉన్నది గోరంత అల్యూమినియం రేకు, రెండు గంటలు ఆడితే ముట్టుకోలేనంత కాలుతుంది. ఆడుతుంది, కానీ ఎన్నాళ్ళు ఆడుతుందో చెప్పలేం. మరి 5 వోల్టులదే ఇస్తే అంటే, ఆ 7805కి లోపలికి కనీసం 7 వోల్టులు వస్తేనే బయటికి 5 సరిగ్గా ఇస్తుంది, తక్కువైతే గేమ్ మధ్యలో ఆగిపోతుంది. ఇంత ఓపిగ్గా చెప్పేవాళ్ళు ఎక్కడున్నారండీ ఈ రోజుల్లో.

ఆ రోజుకి అంతే, అడాప్టర్, కేసెట్, కంట్రోలర్లు తీసుకుని మళ్ళీ రమ్మన్నారు. అవి ఊళ్ళోనే ఉండిపోయాయి, తమ్ముడితో బస్సు పార్సిల్లో వేయించుకునేసరికి వారం పట్టింది.

రెండోసారి వెళ్ళినప్పుడు ముందు అడాప్టర్ చూశారు. బరువుగా ఉండే పాత ట్రాన్స్‌ఫార్మర్ రకం, మీద 9 వోల్టులు అని ఉంటుంది కానీ ఖాళీగా కొలిస్తే 13 చూపించింది, నేను కంగారుపడితే అది మామూలే అన్నారు, సెట్‌కి పెట్టి లోడ్ పడితే 9కి దిగుతుంది, కాబట్టి ఖాళీగా కొలిచి అడాప్టర్ పాడైందని పారేయకండి. కానీ దాని లోపలి కెపాసిటర్ ఎండిపోయింది, దాంతో ఆన్ చేస్తే టీవీలో అడ్డంగా లావుపాటి నీడల్లాంటి గీతలు పైకి పాకుతున్నాయి. చిన్నప్పుడు చివరి రోజుల్లో మా టీవీలో ఆ గీతలు వచ్చేవి, మేం కేబుల్ వాడిని తిట్టుకునేవాళ్ళం. 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ కొత్తది ఒకటి వేస్తే పోయాయి.

గీతలు పోయాయి కానీ గేమ్ రాలేదు, స్క్రీన్ అంతా ఒకే రంగు. ఇక్కడ ఆయన చెప్పింది బాగా గుర్తుంది. ఒకే రంగు వస్తోందంటే బొమ్మ వేసే చిప్పు బతికే ఉంది, కానీ ప్రోగ్రామ్ నడిపే చిప్పు కేసెట్‌ని చదవలేకపోతోంది. స్క్రీన్ అసలు నల్లగా ఉండి టీవీ సిగ్నల్ లేదు అంటే అది వేరే కథ, అప్పుడు వీడియో లైన్ వెంబడి వెళ్ళాలి. కరెంటు అలల్ని తెర మీద గీసి చూపించే ఒక చిన్న పాత ఆసిలోస్కోప్ ఉంది ఆయన దగ్గర, దాంతో చిప్పులన్నీ ఏ వేగంతో నడవాలో చెప్పే క్రిస్టల్ చూశారు, 26.6 మెగాహెర్ట్జ్ కొట్టుకుంటోంది, గుండె బానే ఉంది అన్నారు. ఇక మిగిలింది కేసెట్ దూరే చోటే.

నేను అలవాటుగా కేసెట్ తీసి నోటితో ఊదబోయా. చెయ్యి పట్టుకుని ఆపేశారు.

"ఊదకు బిడ్డా. ఊదితె దుమ్ము పోదు, నోట్లె తడి పోయి పిన్నులకు పడ్తది. తీసి పెడితె రాసుకొని పని జేస్తది గంతె, నీ ఊపిరితోని కాదు."

మన తరం మొత్తం ఊదినవాళ్ళమే, అందుకే ఈ ముక్క విడిగా రాస్తున్నా. కేసెట్ తీసి మళ్ళీ పెట్టినప్పుడు పిన్నులు ఒరుసుకుని కాంటాక్ట్ దొరుకుతుంది, ఆ క్రెడిట్ మనం ఊదడానికి ఇచ్చుకున్నాం, ఊదిన తడి ఏళ్ళ తరబడి ఆ పిన్నుల్ని తినేసింది. ఆయన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఇయర్ బడ్ ముంచి కేసెట్ అంచుని తుడిచారు, నాలుగు బడ్లు నల్లగా అయ్యాయి. గరుకు కాగితం మాత్రం అస్సలు వాడొద్దన్నారు, పైన ఉండే పల్చటి పూత గీసుకుపోయి రాగి బయటపడితే ఇంకా త్వరగా పాడవుతుందట. సెట్ లోపలి 60 పిన్నుల స్లాట్‌లో ఒక వైపు రెండు పిన్నులు లోపలికి అణిగిపోయి ఉన్నాయి, సన్నటి సూది లాంటి దాంతో ఒక్కొక్కటీ మెల్లగా ముందుకి లాగారు. మా తమ్ముడు చిన్నప్పుడు కేసెట్ తిరగేసి గట్టిగా నొక్కిన రోజు నాకు బాగానే గుర్తుంది, వాడికి ఈ విషయం ఇంకా చెప్పలేదు.

ఆన్ చేశారు. మెనూ వచ్చింది, మ్యూజిక్ వచ్చింది. మారియో పెట్టారు. ఇక్కడే అసలైన మజా, నేను ఈ రివ్యూ రాయడానికి కారణం కూడా ఈ గంటే.

మారియో బానే నడుస్తున్నాడు, ఎగురుతున్నాడు, పుట్టగొడుగు కదులుతోంది, కానీ వెనకాల గోడలు, మేఘాలు, అక్షరాలు మాత్రం తేడాగా ఉన్నాయి. పైన ఎడమవైపు మారియో అని ఇంగ్లీషులో ఉండాల్సిన చోట ఎన్, బీ, ఆర్, జే, పీ అని వస్తోంది. కింద స్కోరు ఆరు సున్నాలు ఉండాల్సింది ఆరు ఒకట్లు ఉన్నాయి. నేనైతే కేసెట్ పోయిందనుకున్నా. ఆయన నవ్వి, ఆఫ్ చేసి మళ్ళీ ఆన్ చేశారు, అదే తప్పు. మూడోసారి, అదే తప్పు. మారే తప్పయితే కాంటాక్ట్ అనుకోవచ్చు, ఎప్పుడూ ఒకేలా ఉండే తప్పు ఒకేచోట నుంచి వస్తోంది అన్నారు. తన దగ్గరున్న ఇంకో కేసెట్ పెడితే దాన్లోనూ అక్షరాలు ఇలాగే. అంటే కేసెట్ కాదు.

తర్వాత కాగితం మీద రాశారు. ఈ గేమ్‌లో 0 నుంచి 9 దాకా అంకెల బొమ్మలకి అవే నంబర్లు, ఏ అక్షరానికి 10, బీకి 11, సీకి 12, అలా వరస. ఎం అంటే 22, వచ్చింది ఎన్, అంటే 23. ఏ 10, వచ్చింది 11. ఆర్ 27, అది మాత్రం మారలేదు. ఐ 18, వచ్చింది 19. ఓ 24, వచ్చింది 25. సరిసంఖ్యలన్నీ ఒకటి పెరిగి బేసి అయ్యాయి, బేసివి అలాగే ఉన్నాయి. కంప్యూటర్ ప్రతి నంబర్నీ 0, 1 లతోనే రాసుకుంటుంది, అందులో ఒక్కో స్థానాన్ని బిట్టు అంటారు, చిట్టచివరి బిట్టు 0 అయితే సరి, 1 అయితే బేసి. అంటే ఆ చిట్టచివరి బిట్టు ఎప్పుడూ 1 దగ్గరే ఇరుక్కుపోయింది. ఎనిమిది బిట్లలో ఒక్కటి! టీవీ తెర మీద అక్షరాలు చూసి లోపల ఏ బిట్టు పోయిందో చెప్పేశారు ఆయన, నేను అలా నోరు తెరుచుకుని ఉండిపోయా.

మరి ఏ చిప్పులో అంటే దానికీ స్క్రీన్ మీదే సమాధానం ఉంది. కదిలే బొమ్మలు ఎక్కడున్నాయో అనే లెక్క బొమ్మ వేసే చిప్పు తన లోపలే దాచుకుంటుంది, అందుకే మారియో బాగున్నాడు. ఒక్కో ఇటుక, ఒక్కో అక్షరం ఆకారం కేసెట్‌లో ఉంటుంది, ఆకారాలు చెడలేదు కాబట్టి కేసెట్ బాగుంది. వెనక గోడలో ఏ గడిలో ఏ నంబరు బొమ్మ పెట్టాలి అనే పటం మాత్రం బయట వేరే మెమరీ చిప్పులో ఉంటుంది, 2 కిలోబైట్లది, 6116 అనే రకం, 24 కాళ్ళు. పటమే చెడింది కాబట్టి చెడింది ఆ చిప్పే. మా బోర్డు మీద అలాంటివి రెండున్నాయి, ఒకటి ప్రోగ్రామ్ చిప్పు వాడుకునేది, ఇంకోటి బొమ్మల చిప్పుది. పెద్ద చిప్పుల మీద యూఏ6527పి, యూఏ6538 అని ఉంది, తైవాన్ యూఎంసీ కంపెనీవి, రెండూ పాల్ టీవీల కోసం చేసినవి. విడివిడి చిప్పులతో ఉన్న బోర్డు కాబట్టి బతికిపోయావు అన్నారు.

బొమ్మల చిప్పు వైపున్న 6116 కాళ్ళు ఒక్కొక్కటిగా పంపుతో సోల్డర్ పీల్చి తీశారు, తొందరపడితే కింద రాగి గీత లేచొచ్చేస్తుంది, అది లేస్తే బోర్డు పని అయిపోయినట్టే, 24 కాళ్ళకి ఇరవై నిమిషాలు పట్టింది. కొత్తది నేరుగా అతికించకుండా ముందు సాకెట్ వేశారు, రేపు మళ్ళీ పోతే ఐరన్ అవసరం లేకుండా ఊడబీకి పెట్టుకోవచ్చని. ఒక పాత స్క్రాప్ బోర్డు నుంచి తీసిన 6116 పెట్టారు. ఆన్ చేస్తే ఎం, ఏ, ఆర్, ఐ, ఓ. ఆరు సున్నాలు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నిజంగానే. వెంటనే బాబాయ్‌కి వీడియో కాల్ చేసి చూపించా, ఆయనకి ఇప్పుడు 67, "ఒరేయ్ అది ఇంకా ఉందిరా" అని పిన్నిని కేకేసి పిలిచాడు.

కంట్రోలర్ల దగ్గర ఎక్కువ టైం పట్టలేదు కానీ అందులోనూ ఒక కిటుకు తెలిసింది. ఎనిమిది బటన్లు ఉన్నా డేటా వెళ్ళేది ఒక్క తీగ మీదే, మొత్తం ఐదు తీగలు, రెండు కరెంటువి, మిగతా మూడిట్లో ఒకటి "చదువు" అని చెప్పేది, ఒకటి పాటకి తాళం వేసినట్టు వరసగా కొట్టేది, ఒకటి బటన్ల సంగతి మోసుకెళ్ళేది. కాబట్టి ఒక్క బటనే పనిచేయకపోతే దాని కింద నల్ల రబ్బరు ముక్క అరిగింది లేదా మురికి పట్టింది, అన్ని బటన్లూ ఒకేసారి చచ్చిపోతే తీగ తెగింది. మా మొదటి కంట్రోలర్‌లో ఒక్క బటన్ తేడా, తుడిస్తే వచ్చింది. రెండో దాన్లో ఏదీ పనిచేయలేదు, కేబుల్ కంట్రోలర్‌లోకి దూరే చోటే లోపల తెగింది, బయటికి ఏమీ కనపడదు. అక్కడిదాకా కోసి మళ్ళీ అతికించారు, కేబుల్ ఒక జానెడు పొట్టిదైంది.

తుపాకీ గురించి ముందే చెప్పేశారు, ఎల్ఈడీ టీవీ మీద పనిచేయదు, దానికి రిపేరు లేదు. ట్రిగ్గర్ నొక్కగానే స్క్రీన్ ఒక్క క్షణం నల్లగా అయి బాతు ఉన్న చోట తెల్ల డబ్బా వెలుగుతుంది, తుపాకీ గొట్టంలోని సెన్సార్ ఆ వెలుగు సరిగ్గా ఆ క్షణంలోనే చూడాలి. పిక్చర్ ట్యూబ్ టీవీ అప్పటికప్పుడు వేస్తుంది, ఎల్ఈడీ టీవీ బొమ్మని సర్దుకుని కాస్త ఆలస్యంగా వేస్తుంది, ఆ లోపు టైం అయిపోతుంది. షాపులో ఉన్న పాత టీవీ మీద పెట్టి చూపిస్తే మూడు బాతులు పడ్డాయి. పాత టీవీలు ఇంట్లో ఉంటే స్క్రాప్ వాడికి ఇచ్చేయకండి అని మాత్రం అందరికీ చెప్తున్నా.

ఇంటికొచ్చి మా టీవీకి పెడితే మళ్ళీ తలనొప్పి, అది షాపు తప్పు కాదు. కొత్త టీవీలకి పసుపు ఎరుపు తెలుపు రంధ్రాలు ఉండట్లేదు, ఇయర్‌ఫోన్ పిన్ను లాంటి ఒకే రంధ్రం ఇచ్చి దానికి వేరే కేబుల్ వాడమంటున్నారు, ఆ కేబుళ్ళలో పిన్ను మీద ఏ రింగు వీడియో ఏది గ్రౌండ్ అన్నది అన్నిటికీ ఒకటి కాదు, బయట కొన్నది పెడితే బొమ్మ బదులు గరగర వచ్చింది. మల్టీమీటర్‌తో ఏ రంగు ఎటు వెళ్తోందో చూసుకుని పసుపు తీగ ఎరుపు దాంట్లో పెడితే వచ్చింది. టీవీలో గేమ్ మోడ్ ఉంటే ఆన్ చేసుకోండి, బటన్ నొక్కినదానికి ఎగిరినదానికి మధ్య తేడా కొంత తగ్గుతుంది.

నా పని చూసి మా బావ తన సెగా మెగా డ్రైవ్ 2 తెచ్చిచ్చాడు, అది సెగా అనే ఇంకో కంపెనీ గేమ్ మెషీన్, కువైట్‌లో ఉన్నప్పుడు కొన్నది. సెగా మన దేశంలో 1995లో షా వాలెస్ అనే కంపెనీ ద్వారా అమ్మింది, అప్పట్లో 18,000 రూపాయలు, అంత పెట్టి కొన్నవాళ్ళని మా ఊళ్ళో నేను చూడలేదు. దీనికి కేబుల్ కదిపితే ఆన్, వదిలితే ఆఫ్. పెద్దాయన మూత విప్పి భూతద్దంతో చూపించారు, పవర్ పిన్ను కాలు చుట్టూ సోల్డర్‌లో సన్నటి గుండ్రటి పగులు, డ్రై సోల్డర్ అంటారు. ఏళ్ళ తరబడి కేబుల్ ఊగి ఊగి వచ్చేది. పాతది పీల్చేసి కొత్తది వేశారు, పది నిమిషాలు. అడాప్టర్ గురించి మాత్రం మళ్ళీ గట్టిగా చెప్పారు, మెగా డ్రైవ్ మొదటి మోడల్‌కి 9 వోల్టులు, మధ్యలో మైనస్, రెండో మోడల్‌కి 10 వోల్టులు, మధ్యలో ప్లస్. పేరు ఒకటే, కంపెనీ ఒకటే, కరెంటు మాత్రం తిరగేసి. కంపెనీ అడాప్టర్లయితే పిన్ను సైజు వేరు కాబట్టి ఒకదానిది ఇంకోదాంట్లో దూరదు, తలలు మార్చుకునే యూనివర్సల్ అడాప్టర్లతోనే ప్రమాదం అంతా.

అలాగే బావ దగ్గరున్న మొదటి ప్లేస్టేషన్ కూడా ఇచ్చాం, సీడీ చదవట్లేదు, తలకిందులు పెడితేనే కాసేపు ఆడుతుంది. దీన్ని ఆయన చేయనన్నారు. లెన్స్ తుడిచి చూశారు, లేజర్ యూనిట్ జారే ప్లాస్టిక్ పట్టాలు అరిగి ఒక పక్కకి ఒరిగింది, దాని పక్కన ఎవరో ఇంతకుముందే చిన్న స్క్రూ తిప్పి లేజర్ పవర్ పెంచేశారు. ఇంకా పెంచితే నాలుగు నెలలు ఆడి పూర్తిగా పోతుంది, ఆ నాలుగు నెలలకి మీ దగ్గర డబ్బు తీసుకోను, మంచి లేజర్ యూనిట్ దొరికితే తీసుకురండి పెడతా అన్నారు. చూసినందుకు 100 రూపాయలే తీసుకున్నారు. చేయలేనిది చేయలేనని చెప్పడం కూడా పనిలో భాగమే అని నా అభిప్రాయం, అందుకే ఇది కూడా మంచి మార్కుల్లోనే వేశా.

2000 తర్వాత వచ్చిన చవక సెట్లు కూడా ఆయన తీసుకోరు. మూత విప్పితే చిప్పులుండవు, బోర్డు మధ్యలో బొట్టు పెట్టినట్టు ఒక నల్లటి గట్టి ముద్ద ఉంటుంది, మెషీనంతా దాని కిందే. పవర్, కేబుల్, బటన్లు అయితే చేస్తారు, ముద్ద లోపల పోతే చేసేదేమీ లేదు. మీది అలాంటిదైతే ముందే తెలుసుకుని వెళ్ళండి.

ఖర్చు చూస్తే, మా సెట్‌కి రెగ్యులేటర్, కెపాసిటర్లు, మెమరీ చిప్పు, సాకెట్, కంట్రోలర్లు, అన్నీ కలిపి 850 రూపాయలు. మెగా డ్రైవ్‌కి 250. తీసేసిన పాత పార్టులన్నీ ఒక చిన్న కవర్లో వేసి ఇచ్చేశారు, అడక్కుండానే.

కంప్లైంట్లు ఉన్నాయి, దాచను. మొత్తం 19 రోజులు పట్టింది, నాలుగుసార్లు తిరిగా. ఒకసారి రమ్మన్న టైముకి వెళ్తే షట్టర్ వేసుంది, గంటన్నర నిలబడ్డా, ఫోన్ ఎత్తరు. మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి మూడింటి దాకా ఉండరని ఆ తర్వాత తెలిసింది, బోర్డు మీద రాసి పెట్టొచ్చు కదా. ఆదివారం మూత. బిల్లు ఇవ్వరు, గ్యారంటీ నోటి మాటే, నెల లోపు అదే ఫాల్ట్ వస్తే ఊరికే చూస్తానన్నారు. సెట్ తీసుకుని చీటీ ఏమీ రాయరు కాబట్టి ఇచ్చేముందు సీరియల్ నంబరు, లోపలి బోర్డు ఫోటో తీసుకోవడం మంచిది, ఆయన మీద అనుమానంతో కాదు, ఆ బల్ల మీద ఒకేలాంటి తెల్ల డబ్బాలు ఐదారు ఉంటాయి. మూత స్క్రూ ఒకటి వేరేది వేశారు, మిగతావాటికంటే కాస్త పొడుగు. తెల్ల ప్లాస్టిక్ పసుపు రంగుకి తిరిగింది, దాన్ని తెల్లగా చేస్తారా అంటే ఒప్పుకోలేదు, హైడ్రోజన్ పెరాక్సైడ్ రాసి ఎండలో పెడితే తెల్లబడుతుందని తెలుసు కానీ మచ్చలు మచ్చలుగా వస్తే తన పేరు పోతుందన్నారు. నాకైతే ఆ పసుపే ఇష్టం, ముట్టుకోలేదు.

ఇప్పుడు ప్రతి ఆదివారం మా పాప, నేను కాంట్రా ఆడుతున్నాం, పాపకి తొమ్మిదేళ్ళు, రెండో కంట్రోలర్ దానిది, కేబుల్ పొట్టిదైంది కాబట్టి టీవీకి దగ్గరగా చాప వేసుకుని కూర్చుంటుంది. కేసెట్ మార్చాలంటే ముందు పవర్ ఆఫ్ చేస్తుంది, ఊదదు, ఆల్కహాల్ బడ్ ఎక్కడుందో దానికి తెలుసు. వచ్చే శనివారం కోఠి వెళ్తున్నా, ఆ కేబుల్ పొడుగుది వేయించాలి, మధ్యాహ్నం మూడు దాటాకే వెళ్తా.